నీటివాడ నుంచి ఫిర్యాదులు లేవు

ఏప్రిల్ 9

మాట వింటూ రాసుకునే మా పలకలు ఉప్పుగాలికి పనిచేయవని మండలి స్టోరు గుమాస్తా నాకు ఈ పుస్తకమూ, ఒక కట్ట పెన్సిళ్ళూ ఇచ్చి పంపాడు. బడి వదిలాక చేత్తో రాయడం ఇదే. అక్షరాలు తాగినవాడిలా తూలుతున్నాయి.

నా పేరు షకీలా బేగం. మాది ఆదోని. జాతీయ సమతా మండలిలో క్షేత్రాధికారిని. పుట్టుక చూసో, ఒళ్ళు చూసో, ఉండే చోటు చూసో మనిషిని తక్కువ చేశారని ఎవరైనా చెప్పుకుంటే, వెళ్ళి విచారించడం నా ఉద్యోగం. ఈసారి మాత్రం శుభకార్యం మీద వచ్చాను. ఈ ఏటి సమతా పురస్కారం నీటివాడకి ఇస్తున్నారు. ఆరేళ్ళుగా ఇక్కడి నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. పైగా కృతజ్ఞతలు వస్తాయి, కుప్పలుగా. దేశంలో ఇంకెక్కడా ప్రజలు ప్రభుత్వానికి ఇన్ని దండాలు పెట్టరు. వీళ్ళు సాధించినదేమిటో చూసి రాసుకురమ్మని మా సభ్యులు దేవదానం గారు నన్ను ముందుగా పంపారు. పురస్కారం పట్టుకుని ఆయన ఈ వారంలోనే వస్తారు.

సముద్రం పాత ఊళ్ళను తీసుకున్నాక కట్టిన గోడ వెనక గట్టూరు ఉంది. గోడకి ఇవతల, నీళ్ళ మీద, ఒకదానికొకటి తాళ్ళతో కట్టిన తెప్పలే నీటివాడ. నాకు బస సూరాడ నూకాలు గారి తెప్ప మీద. ఆవిడ సముద్రపు నాచు ఎండబెట్టి అమ్ముతుంది. కూతురు గంగ నిండు చూలాలు. అల్లుడు దూరపు వేట ఓడ మీద ఉన్నాడు.

నేను పడవ దిగుతుంటే నూకాలు మాట అందుకునే గొంతుపట్టీని మెడకి బిగించుకుని ఏదో అంది. నా చెవిపూసలో, ఎవరి యాసనైనా ఒకే గొంతులోకి మార్చే సమస్వరం వినిపించింది: "మీ రాక మాకు ఎంతో ఆనందం. దయచేసి విశ్రాంతి తీసుకోండి." అలా అంటూనే ఆవిడ నా పెట్టెను తెప్ప మీద దబ్బున పడేసింది. బరువు ఎక్కువైందేమో అనుకున్నాను.

ఏప్రిల్ 10

తెల్లారగానే తెప్పలన్నిటి మీదా ఒకటే పని. కరెంటునిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఆలస్యమైతే ఉప్పు బిగుసుకుపోయి గోకాల్సి వస్తుంది, పలక మీద గీతలు పడతాయి. నేనూ ఒక గుడ్డ అందుకున్నాను. గంగ వంగలేక మోకాళ్ళ మీద కూచుని తుడుస్తోంది. పాదాలు ఉబ్బి, వేళ్ళు కనబడటం లేదు.

నాకు గట్టూరు నుంచి సీసాల్లో నీళ్ళు పంపుతున్నారు. వీళ్ళు గొట్టం నీళ్ళు తాగుతారు. దాహమేసి ఒకసారి వీళ్ళ బిందెలో ముంచుకుని తాగాను. మింగలేక సముద్రంలో ఉమ్మాను. మంచినీటి మర గోడ లోపల ఉంది. గట్టూరుకి సరిపడా తీసుకున్నాక మిగిలిందానికి, ఆ మరే బయటికి కక్కే ఉప్పునీరు కలిసి ఇటు వస్తోంది.

మధ్యాహ్నం రేవుకి వెళ్ళాను. రెండు వరసలు. నీడ ఉన్న వరసలో గట్టూరువాళ్ళు. వాళ్ళంతా పడవ ఎక్కాక చోటు మిగిలితే, ఎండలో నిలబడ్డ తెప్పలవాళ్ళు ఎక్కాలి. వేరే జిల్లాలో అయితే ఈ ఒక్క వరస చాలు నాకు కేసు రాయడానికి.

వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ పట్టీ ఇచ్చి అడిగాను. పూసలో ఒకటే సమాధానం. "ఎలాంటి ఇబ్బందీ లేదు. అధికారుల సేవలు తృప్తికరం." ఒక ముసలాయన అలా చెబుతూ నా మొహం మీద వేలు ఆడించాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ వల్ల అనుకున్నాను.

వీళ్ళు ఎంత ఓర్పు గల మనుషులో అని రాసుకుని, పడుకునే ముందు ఆ వాక్యం కొట్టేశాను. ఎందుకో నచ్చలేదు.

ఏప్రిల్ 12

ఆసుపత్రి వరండాలో కూచుని రాస్తున్నాను.

పొద్దున గాలి మారింది. తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే అందరం తాళ్ళు బిగించడానికి దిగాం. నీళ్ళు చిమ్ముతున్నాయని చెవిపూస తీసి జేబులో వేసుకున్నాను. అది చెవిలో ఉంటే మనిషి అసలు గొంతు వినపడదు, నగరంలో దాన్ని నిద్రలో తప్ప తీయం. పూస లేకుండా మనుషుల గొంతులు విని నాకు ఎన్నేళ్ళయిందో. అలలు, తాళ్ళ కిర్రు, ఎవరో ఎవరినో పిలవడం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

ఆ రొదలోంచి నూకాలు కేక వినిపించింది.

"సచ్చిపోతంది! నా కూతురు సచ్చిపోతంది!"

పరిగెత్తాను. గంగ నాచు కుప్ప పక్కన పడి ఉంది. చీర నడుము కింద రక్తం. నూకాలు అప్పటికే పిలుపుస్తంభం దగ్గరుంది. స్తంభం అంటే రక్షక పడవని పిలవడానికి వాడకంతటికీ ఉన్న ఒకే సాధనం. ఆవిడ పట్టీ బిగించుకుని రెండు చేతులతో స్తంభాన్ని బాదుతోంది.

"బోటు అంపండి బాబూ! నెత్తురు ఆగట్నేదు! బిడ్డ అడ్డం తిరిగిపోనాది! ఒరే, మీకు అక్కసెల్లెల్లు నేరా? ఇపుడే అంపండి, ఇపుడే!"

అధికారిని కదా, నేను చెబితే త్వరగా వస్తారని జేబులోంచి పూస తీసి చెవిలో పెట్టుకున్నాను. స్తంభం అందుకున్న మాటను అవతలికి పంపేముందు పూస ఉన్నవాళ్ళకి ఒకసారి వినిపిస్తుంది. నాకు వినిపించింది.

"మా అమ్మాయికి కొంచెం నలతగా ఉంది. తమకు వీలైనప్పుడు పడవ పంపగలరు. ధన్యవాదాలు."

మృదువైన గొంతు. పండగ శుభాకాంక్షలు చెబుతున్నట్టుంది.

నా పక్కనే నూకాలు గొంతు చించుకుంటోంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నేను పూస తీశాను. కేక. పెట్టుకున్నాను. "తమకు వీలైనప్పుడు." మళ్ళీ తీశాను.

ఆవిణ్ణి పక్కకి తోసి నా పట్టీ బిగించాను. "నేను మండలి అధికారిని. ఇక్కడ మనిషి చస్తాంది. మీరు పడవ పంపకపోతే ఒక్కొక్కడినీ జైల్లో పెట్టిస్తా, అర్థమైతాందా?" అని ఆదోని భాషలో అరిచాను. పూసలో నా మాట: "నేను మండలి అధికారిని. ఇక్కడి పరిస్థితిని పరిశీలిస్తున్నాను. మీ సహకారానికి అభినందనలు."

స్తంభం బదులు చెప్పింది. "మీ మాట చేరింది. సంతోషం."

పడవ రాలేదు. నాచు తెచ్చే చిన్న దోనెలో గంగని పడుకోబెట్టి, నూకాలు, నేను, పక్క తెప్ప మీది ఇద్దరు మగవాళ్ళు తెడ్లేసుకుంటూ గోడ దాకా వెళ్ళాం. గోడ గుమ్మం దగ్గర నా గుర్తింపు బిళ్ళ చూపిస్తే తెరిచారు. ఆసుపత్రిలో గంగను బతికించారు. ఆడపిల్ల. ఊపిరి లేదు.

డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పిన మాటలు నేను పూస లేకుండా విన్నాను. "ఒంట్లో ఉప్పు. నెలల తరబడి తాగింది. ఇక్కడికి వచ్చే తెప్పలవాళ్ళందరిదీ ఇదే కథ. వాళ్ళు ఎందుకు చెప్పుకోరో నాకు తెలీదు."

ఏప్రిల్ 13

దేవదానం గారికి ఆసుపత్రి నుంచే కబురు కలిపాను. కోపం వద్దు, అరవొద్దు అనుకుని నెమ్మదిగా మొదలుపెట్టాను. "సార్, నేనున్న ఇంట్లో బిడ్డ చచ్చి పుట్టింది. కారణం నీళ్ళు. ఇది హత్య కింద లెక్క."

ఆయన గొంతు నిండా సంతోషం. "ప్రసవం అయిందన్నమాట! శుభం, శుభం. తల్లికి నా ఆశీస్సులు చెప్పండి షకీలా గారూ. నీళ్ళ ఏర్పాట్లు కూడా చెప్పుకోదగినవని అన్నారుగా, అది నివేదికలో రాయండి."

పట్టీ సరిచేసుకుని మళ్ళీ చెప్పాను.

తర్వాత ఎన్ని రకాలుగా చెప్పి చూశానో. "నీళ్ళు తాగడానికి పనికిరావు" అంటే "నీటి రుచిపై కొన్ని సూచనలున్నాయి" అని వెళ్ళింది. "చనిపోయింది" అన్న మాట ఎటు తిప్పి చెప్పినా అవతలికి చేరదు. "సమస్వరం చెడిపోయింది" అంటే "సమస్వరం అద్భుతం" అని పోయింది. రాజధానికి నేనే వెళదామంటే దారిలో నాలుగు రోజులు. ఆయనే అంతకంటే ముందు ఇక్కడికి వస్తున్నారు.

ఇంకోటి తట్టింది. మండలికి వచ్చే ఫిర్యాదులు నేను పదిహేనేళ్ళుగా వింటున్నాను. అన్నీ చక్కటి వాక్యాలు. చదువుకున్నవాళ్ళు, కోపం దాచుకోవడం తెలిసినవాళ్ళు చెప్పుకున్నవి. వాళ్ళ మాట జోలికి సమస్వరం పోదు. ఎవరికి ఒళ్ళు మండిపోయి గొంతు చించుకుంటారో, ఎవరి మాట పుస్తకాల్లో మాటలా ఉండదో, వాళ్ళది మొత్తం ఉతికి ఆరేస్తుంది. ఇవాళ నేను ఎంత నెమ్మదిగా చెప్పినా, నా గొంతులో కోపం దానికి తెలిసిపోయింది.

నీటివాడకి పిలుపుస్తంభం వచ్చి ఆరేళ్ళు.

ఏప్రిల్ 14

నూకాలుకి చెప్పక తప్పలేదు. నమ్మలేదు. తెప్పలవాళ్ళెవరికీ చెవిపూసలు లేవు మరి. పూసలు వినేవాళ్ళకి, పట్టీలు చెప్పుకునేవాళ్ళకి. మా అధికారులకే రెండూ ఉంటాయి. తన మాట అవతల ఏమై పోతోందో ఆవిడ ఒక్కసారీ వినలేదు.

నా పూస ఆవిడ చెవిలో పెట్టాను. "మాట్లాడు అక్కా. నీళ్ళ గురించి ఇన్నేళ్ళూ చెప్పినట్టే చెప్పు."

ఆవిడ స్తంభం ముందు నిలబడి చెప్పింది. "ఈ నీల్లు గొడ్డుకి పోసినా సచ్చిపోద్ది. మావు మనుసులం కామా? పిల్లలికి ఒల్లంతా పుండ్లు. మీ పెల్లాం బిడ్డలికి తాగించండి ముందు, అప్పుడు తెలుస్తాది."

ఆగి వింది. తల తిప్పి వెనక్కి చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని.

"ఎవత్తది?"

"నువ్వే అక్కా."

"నాను గాదు. ఎవత్తో... 'మీ దయ వల్ల పిల్లాపాపలతో సల్లగా ఉన్నాం' అంటంది."

"అదే నువ్వు. నీ మాటే అలా వెళుతోంది."

పూస పీకి అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత అడిగింది. "మాయన పోనపుడు కూడా సెప్పినాను. మూడు దినాలు ఇక్కడే కూకుని సెప్పినాను. అప్పుడేటని ఎల్లింది?"

"తెలీదక్కా."

"దండాలు పెట్టినాననా?"

ఆవిడ వెళ్ళి నాచు తిరగేసింది. తిరగేసిందాన్నే మళ్ళీ తిరగేసింది.

ఏప్రిల్ 16

సభ గట్టూరు రేవులో జరిగింది. పందిరి, ముందు వరసల్లో పూసలు పెట్టుకున్న గట్టూరు పెద్దలు, వెనక ఎండలో తెప్పలవాళ్ళు. దేవదానం గారు తెల్లచొక్కాలో, నవ్వుతూ. మంచి మనిషి. పూసలో విన్నదంతా నమ్మేస్తారు, అందుకే నాకు భయమేసింది.

నీటివాడ తరపున మాట్లాడటానికి నూకాలుని పిలిచారు. పట్టీ బిగించారు. ఆవిడ నోరు తెరవగానే ముందు వరసలు చిరునవ్వుతో తలలూపడం మొదలుపెట్టాయి. నేను, చెవిలో పూస లేకుండానే, వేదిక ఎక్కి, దేవదానం గారి పక్కకి వెళ్ళి, ఆయన చెవిలోంచి పూస లాగేశాను.

ఎవరో నా భుజం పట్టుకున్నారు. ఆయన "ఏందమ్మా ఇది! ఏం చేస్తన్నావు?" అని లేచారు. ఇన్నేళ్ళలో ఆయన అసలు గొంతు నేను వినడం అదే మొదలు. గరుకుగా ఉంది.

"ఆమెను వినండి సార్" అన్నాను.

ఆయన నూకాలు వైపు తిరిగారు.

"... సబాసనడానికి ఒచ్చినారా? ఎందుకు సబాసు? నా మనవరాలు కల్లు తెరవకండా పోనాది. నా కూతురు నెత్తురు మడుగులో ఉంటే బోటు అంపనేదు మీరు. ఆరేల్లు! ఆరేల్లు ఈ స్తంబం కాడ ఏడిసినాను. నా ఏడుపు మీకు పాటలాగ ఇనపడిందా బాబూ?"

ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్ళూ కొట్టారు.

దేవదానం గారు నా చేతిలో పూస తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. దూరంగా జరిపారు. మళ్ళీ దగ్గర పెట్టుకున్నారు. ఆయన నోరు తెరుచుకునే ఉంది. చప్పట్లు సాగుతూనే ఉన్నాయి. ఆయన వేదిక దిగి, నూకాలు ముందు నిలబడి, ఆవిడ మెడకున్న పట్టీ విప్పబోయారు. ముడి రాలేదు. ఆవిడే విప్పుకుంది.

ఏప్రిల్ 17

నిన్న సాయంత్రం ఆయన మంచినీటి మర దగ్గరికి నడిచి వెళ్ళారు. మర చూసే ఇంజనీరు ఏవేవో నిబంధనలు చెబుతుంటే, అక్కడే ఒక బల్ల మీద కూచుని, తెప్పల గొట్టంలోకి ఉప్పునీరు కలిసే దారి మూసేదాకా లేవనన్నారు. మూశారు. రక్షక పడవను గోడ బయట, తెప్పల పక్కన కట్టించారు. రేవులో రెండో వరస తీసేయించారు. నా పెన్సిలుతోనే ఉత్తర్వులు రాశారు.

తర్వాత నాతో చెప్పారు. గట్టు మీద ఇద్దరమే ఉన్నాం. పూసలు లేవు.

"సమస్వరం నా ఉత్తర్వేనమ్మా."

అర్థం కాలేదు.

"మా అమ్మది రేపల్లె పక్కన. ఏదో కాగితం కోసం ఒక ఆఫీసుకెళ్తే, ఆమె మాట్టాడే తీరుకి గుమాస్తాలంతా నవ్వారు. మాటలు నేర్చుకుని రా పో అన్నారు. నేను పక్కనే ఉన్నా. ఆ కాగితం కోసం ఆమె ఇంకెప్పుడూ పోలా. మండలి సభ్యుణ్ణి కాగానే నేను రాసిన మొదటి ఉత్తర్వు అది. యాసను బట్టి ఏ ఆఫీసూ మనిషిని తూచకూడదు, అందరి మాటా ఒకే గొంతులో వినపడాలి అని. తర్వాత సిబ్బంది వచ్చి, జనం తిట్లు భరించలేకపోతున్నాం, కటువు మాటలు కాస్త తగ్గించమని అడిగారు. న్యాయమే కదా అనిపించింది. దాని మీదా సంతకం పెట్టా."

ఆయన ఏడవలేదు. ఎవరో తన జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసుకుపోతే ఇప్పుడే తెలిసినవాడిలా కూచున్నారు.

"అసలు గొంతులు ఎక్కడో దాచి ఉంటాయి సార్. ఆరేళ్ళవీ తీయిద్దాం" అన్నాను.

"పొద్దున కనుక్కున్నా. లేవు. మాట పంపగానే అసలుది చెరిపేస్తారు. చెప్పుకునేవాళ్ళ గోప్యత కోసమంట." పెన్సిలు నాకు తిరిగిచ్చారు. "అదీ నేను రాసిందే."

మండలి దగ్గర మిగిలింది ఆ కృతజ్ఞతలే. లక్షల్లో. ఒక్కో దాని వెనక ఏం చచ్చిపోయిందో చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. మళ్ళీ మనుషుల దగ్గరికే వెళ్ళి అడగాలి.

ఏప్రిల్ 19

నూకాలు తెప్ప మీద చాప వేసి కూచున్నాం, ఆయనా నేనూ. ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ మళ్ళీ చెప్పండి, చేత్తో రాసుకుంటాం అని వాడంతా కబురు పెట్టాం. ఎవరూ రాలేదు. ఎండపలకలు తుడుస్తూ మమ్మల్ని దూరం నుంచి చూస్తున్నారు.

రేవులో నా మొహం మీద వేలు ఆడించిన ముసలాయన మాత్రం వచ్చి నిలబడ్డాడు. "అప్పుడు సెప్పినానుగదా" అన్నాడు. దేవదానం గారు "మాకు అందలేదు తాతా" అంటే, "నాను సెప్పడం సెప్పినాను. అందకపోతే అది మీ తప్పు. నా కొడుకు ఎలా పోనాడో ఎన్నిసార్లు సెప్పాల?" అని వెళ్ళిపోయాడు.

పొద్దెక్కాక గంగ వచ్చింది. ఆసుపత్రి నుంచి నిన్ననే తెచ్చారు. బిడ్డ పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. నూకాలు పట్టుకోబోతే వద్దని, తనే మెల్లగా వచ్చి ఆయన ఎదురుగా చాప మీద కూచుంది.

"నీకేం కావాలో చెప్పమ్మా" అన్నారు ఆయన.

"నా బిడ్డ పోనాదని ఈ మేడమ్మ మీకు కబురు సెప్పినాదంట."

"చెప్పింది."

"మీకేటి ఇనపడింది?"

ఆయన నా వైపు చూశారు. నేను సాయం చేయలేదు.

"ప్రసవం అయిందని వినపడిందమ్మా."

"మీరేటన్నారు?"

పక్క తెప్పల మీద గుడ్డలు ఆగిపోయాయి.

"శుభం అన్నాను. రెండుసార్లు అన్నాను. తల్లికి ఆశీస్సులు చెప్పమన్నాను."

గంగ కళ్ళు మూసుకుంది. నూకాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగ కళ్ళు తెరిచి, నా చేతిలో పెన్సిలు వైపు చూసి, "అది రాసినావా?" అంది.

రాయలేదు. అప్పుడు రాశాను. నీటివాడ విచారణలో మొదటి వాంగ్మూలం మండలి సభ్యుడు దేవదానం గారిది. ఆయన పుస్తకం తీసుకుని చదువుకుని, కింద సంతకం పెట్టారు.

దూరంగా నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే తాళ్ళ వంతెన దాటి ఇటు రావడం మొదలుపెట్టారు. ముసలాయన కూడా. తెప్ప ఒక పక్కకి ఒరిగితే నూకాలు కొందరిని అటువైపు కూచోమంది.

గంగ నా దగ్గరికి జరిగింది. "ఇపుడు నాను సెప్తాను. మెల్లగా సెప్తాను, రాసుకో. ముందు నీల్ల కాణ్ణించి రాయి, అది అందరిదీ. బిడ్డ సంగతి ఆకర్ని సెప్తాను."

కొత్త పేజీ తిప్పాను.